రత్నం పిన్ని కణాలూ, ఓడ దించిన పెట్టె

ఓడ దిగిన 3వ రోజు

డాక్టర్ ఎస్తేరమ్మ గారు నన్ను రోజూ రాయమన్నారు. "ఫలితాలొక్కటే రాస్తే చాలదు మాలక్ష్మీ. ఏం చేశావో, ఎందుకు చేశావో కూడా రాయి. రేపు గొడవొస్తే నా చేతిలో కాగితం ఉండాలి" అన్నారు. నాకు నోరెక్కువని ఊరంతా అంటుంది. చెయ్యి కూడా అంతేనని ఆవిడకి ఇక తెలుస్తుంది.

విషయం ఇది. మొన్న దిగిన ఓడలో విత్తనాలు, గాలి ఫిల్టర్లు, సబ్బులతో పాటు ఒక తెల్లపెట్టె వచ్చింది. అన్నం కుక్కర్ కంటే కాస్త పెద్దది. మనిషికి క్లమీడియా అనే సుఖవ్యాధి ఉందో లేదో తొంభై నిమిషాల్లో చెప్పేస్తుందట. ఇన్నాళ్లూ మా ల్యాబ్‌లో ఆ పని రత్నం పిన్నిది. ఆవిడకి మూడు రోజులు పడుతుంది. పెట్టెకీ, పిన్ని ఇంక్యుబేటరుకీ కలిపి కరెంటు నలభై రోజులకి మించి ఇవ్వలేమని పవర్ వాళ్లు చెప్పేశారు. నలభయ్యో రోజున ఓడ తిరిగి భూమికి పోతుంది. వచ్చేసారి ఏం తేవాలో ఒక చీటీ రాసి దానితో పంపాలి. పెట్టెకి గొట్టాలో, పిన్ని పెంచే కణాలకి మేతో, రెండిట్లో ఒకటే. ఏది తెప్పిస్తే అది ఉంటుంది, రెండోది ఆగిపోతుంది. ఈలోగా నూట ఇరవై మందికి రెండు రకాలుగానూ పరీక్ష చేసి, ఏది మేలో నేను తేల్చాలి.

ఇంత తొందర ఎందుకంటే, కిందటేడు చంద్రుడి మీద మా సొరంగం ఊళ్లో పుట్టిన పదకొండు మంది పిల్లల్లో ఇద్దరికి వారం పదిరోజులు తిరగకుండానే కళ్లు వాచి చీము కారింది. అందులో ఒకరికి ఊపిరితిత్తులు కూడా పట్టేశాయి. తల్లి ఒంట్లో ఉన్న క్లమీడియా కాన్పులో బిడ్డకి అంటుకుంది. ఆ తల్లులిద్దరికీ ఏ నొప్పీ లేదు, ఏ మంటా లేదు. ఈ జబ్బు గుణమే అంత, ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా కూర్చుంటుంది. బాధ లేనివాళ్లు పరీక్షకి రారు కాబట్టి మాకు దొరకలేదు. ఈసారి బాధ ఉన్నా లేకపోయినా అందరికీ చెయ్యాలని డాక్టర్ గారి పట్టుదల.

ఓడ దిగిన 5వ రోజు

రత్నం పిన్ని నాకు చుట్టం కాదు. పేరు నూకరత్నం. పదహారేళ్ల కిందట, గాజు గొట్టం మూత తీసి టేబుల్ మీద బోర్లా పెట్టకుండా వెల్లకిలా పెట్టానో, వెల్లకిలా పెట్టకుండా బోర్లా పెట్టానో, ఇప్పుడు గుర్తులేదు గానీ, ఆవిడ నా చెవి మెలేసింది. ఆ రోజు నుంచి పిన్ని అయిపోయింది. ఆవిడకి అరవై దాటాయి. చంద్రుడి మీద మనిషి బరువు ఆరో వంతు అంటారు కదా, పిన్ని మాట బరువు మాత్రం ఇక్కడ కూడా తగ్గలేదు.

ఇవాళ పెట్టె మూత తెరుస్తుంటే నడుం మీద చేతులేసుకుని వచ్చింది.

"ఏటే అది, ఇడ్లీ పాత్రా?"

"నీకు పోటీ పిన్నీ."

"నాకేటి పోటీ. ఒలే మాలచ్చీ, ఈ పురుగు ఇల్లరికపు అల్లుడు లాటిది. బయట గిన్నెలో ఎంత మేతెట్టినా బతకదు. ఒకలింట్లో దూరి కూకుంటేనే బతుకుద్ది. దాన్ని పట్టుకోవాలంటే ముందు దానికి ఇల్లు కట్టాల. ఆ పెట్టెకి ఇల్లు కట్టడం వచ్చునేటి?"

పిన్ని చెప్పింది నిజమే. అందుకే ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్లుగా బతికున్న కణాలని గాజు గొట్టాల్లో పెంచుతోంది. మనిషి ఒంటి వేడిలోనే ఉంచాలి, రోజు విడిచి రోజు మేత మార్చాలి. సన్నటి దూది పుల్లతో మనిషి లోపల తుడిచి, ఆ తడిని కణాల మీద వేసి గిర్రున తిప్పుతుంది. జబ్బు ఉంటే ఆ అల్లుడు కణంలో దూరి పిల్లల్ని పెడతాడు. మూడో రోజున అయోడిన్ వేస్తే పసుప్పచ్చని కణం మధ్యలో గోధుమరంగు మచ్చ కనిపిస్తుంది. మైక్రోస్కోపులో ఆ మచ్చ చూపిస్తూ పిన్ని గర్వపడే తీరు చూస్తే, ఆవిడే కన్నదేమో అనిపిస్తుంది.

పెట్టె పద్ధతి వేరు. దానికి జబ్బు బతికి ఉండక్కర్లేదు. దాని జన్యువులో ఒక ముక్క దొరికితే చాలు, ఆ ముక్కని రెండు చేసి, రెండుని నాలుగు చేసి, కోట్లయ్యేదాకా పెంచి మరీ చూపిస్తుంది. పుల్ల అక్కర్లేదు, సీసాలో మూత్రం పోసి ఇస్తే సరిపోతుంది.

పెట్టెతో పాటు నలభై పేజీల పుస్తకం కూడా వచ్చింది. చదివాను. గొట్టం ఎలా పెట్టాలి, మీట ఎప్పుడు నొక్కాలి, అన్నీ చదివాను. 'నమూనా సేకరణ' అన్న పేజీ మాత్రం తిప్పేశాను. ఉచ్చ పోయడం కూడా పుస్తకం చూసి నేర్చుకోవాలా?

ఓడ దిగిన 9వ రోజు

మగవాళ్లతో పడలేక చస్తున్నాను. సీసా అంటే నవ్వుతూ వస్తారు. పుల్ల చూడగానే ఒక్కొక్కడికీ ఎక్కడ లేని పనులూ గుర్తొస్తాయి. చేపల తొట్ల దగ్గర పనిచేసే జోగులు అయితే తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"అక్కా, సీసాలైతే రెండు ఇత్తాను, మూడు ఇత్తాను. ఆ పుల్ల జోలికి మాత్రం నాను రాను."

"నీ పెళ్లాం నోరు మెదపకుండా చేయించుకుంది. ఏడో నెల కడుపుతో వచ్చింది. నువ్వు చేప పిల్లలా గిలగిల్లాడిపోతున్నావు."

"ఆడోళ్లు గట్టోళ్లక్కా. మమ్మల్ని ఒగ్గీ."

చివరికి వాళ్లావిడ దమయంతి వచ్చి జబ్బ పట్టుకుని లోపలికి తోసింది. దమయంతి నీళ్ల విభాగంలో ఉంటుంది. మా ఊరు మొత్తానికి ఉన్నది ఒకటే తొట్టి. తాగేది, కడిగేది, మొక్కలకి పోసేది, ఒంట్లోంచి పోయేది, ఊపిరిలో తేమ, అన్నీ అందులోంచే వచ్చి అందులోకే పోతాయి. రోజూ దీపాలు వెలగగానే దమయంతి మైకులో "తొట్టి అరవయ్యేడు, అందరికీ శుభోదయం" అంటుంది, అంటే తొట్టిలో నూటికి అరవయ్యేడు పాళ్లు నీళ్లున్నాయని. ఆ గొంతు వినకపోతే నాకు తెల్లారినట్టు ఉండదు. పెళ్లయిన ఆరేళ్లకి కడుపు పండింది. ఆ పిల్ల నడుస్తుంటే ఊరంతా పక్కకి తప్పుకుని దారి ఇస్తోంది.

ఓడ దిగిన 16వ రోజు

మొదటి అరవై మందివీ తేలాయి. పిన్ని కణాలు తొమ్మిది మందిలో జబ్బు పట్టాయి. పెట్టె ఆ తొమ్మిదిలో నలుగురినే పట్టింది. మిగతా అయిదుగురినీ ఏమీ లేదు పొమ్మంది.

పిన్ని ఆనందం చూడాలి. మధ్యాహ్నం చేపల పులుసు చేసి, క్లినిక్ మొత్తానికి పెట్టింది. పెట్టె ముందు కూడా ఒక గిన్నె పెట్టి, "తిను నాయినా, బలం లేక కనిపించట్లేదు పాపం" అంది. డాక్టర్ గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

తొమ్మిది మందికీ, వాళ్ల జతలకీ మాత్రలు ఇచ్చేశారు. దమయంతికీ జోగులుకీ రెండు పరీక్షల్లోనూ ఏమీ లేదని వచ్చింది. పిన్ని స్వయంగా వెళ్లి చెప్పింది. "నీకేటీ లేదమ్మీ, నా కణాలు సూసినాయి. నిబ్బరంగా కను" అందట.

ఓడ దిగిన 18వ రోజు

పెట్టె ఓడిపోయిందని నాకు దిగులేమీ లేదు. కానీ ఎందుకు ఓడిపోయిందో తెలియకపోతే నాకు అన్నం సయించదు. ఇవాళ దాన్ని కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాను.

ముందు మామూలు నీళ్లు పెట్టాను. లేదంది. కంపెనీ వాళ్లే ఇచ్చిన జబ్బు గొట్టం పెట్టాను. ఉందంది. నేను చూడనప్పుడు పిన్ని టీ డికాషన్ పోసిన గొట్టం ఒకటి పెట్టిందని తర్వాత తెలిసింది. దానికీ లేదనే చెప్పింది. ఆఖరికి పిన్ని కణాలు పట్టి, పెట్టె వదిలేసిన అయిదుగురి కణాల గొట్టాల్లోంచి ఒక్కో చుక్క తీసి పెట్టాను. అయిదింటికి అయిదూ ఉందంది, అదీ చాలా గట్టిగా.

అంటే పెట్టె గుడ్డిది కాదు. చూపిస్తే చూస్తోంది. మేమిచ్చిన సీసాల్లోనే జబ్బు లేదు. మనిషిలో ఉన్నది సీసాలోకి ఎందుకు రాలేదు?

ఓడ దిగిన 19వ రోజు

తిప్పేసిన పేజీ ఇవాళ చదివాను.

"గంటసేపు మూత్రం ఆపుకున్నాక, అన్నిటికంటే ముందు వచ్చే ముప్ఫై మిల్లీలీటర్లే పట్టాలి. తర్వాత వచ్చేది ఈ పరీక్షకి పనికిరాదు." జబ్బు దారి గోడలని అంటుకుని ఉంటుందట. మొదటి ధారే దాన్ని కడిగి తెస్తుంది. వెనక వచ్చేదాంట్లో పెద్దగా ఏమీ ఉండదు.

పుస్తకం ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఎందుకంటే మా ఊళ్లో మొదటి ధార ఎవడూ సీసాలో పొయ్యడు.

ఇది బయటివాళ్లకి చెబితే గానీ అర్థం కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట తొట్టి పధ్నాలుగుకి పడిపోయింది. కరువేడాది అంటారు. అప్పట్లో క్లినిక్‌కి వచ్చినవాళ్లు సీసాల నిండా పోసేవారట. పరీక్షయ్యాక ఆ నీళ్లు మందులు కలిసి తొట్టికి పనికిరాకుండా పోయేవి. అప్పుడు ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఒక పిల్ల ఒక పద్ధతి పెట్టింది. ముందు తొట్టికి పోయే ఊరి గొట్టంలోకి పొయ్యి, మధ్యలో కొంచెం సీసాలో పట్టు, మిగతాది మళ్లీ ఊరికే. అప్పుడు చేసే మూత్రపరీక్షలకి నడిమి ధారే సరైనది కూడా. ఆ పిల్లే బడికి వెళ్లి చిన్నపిల్లలకి నేర్పింది: "తొలి ధార ఊరికి." ఇప్పుడు అది పద్ధతి కాదు, అలవాటు కూడా కాదు. గుమ్మంలో చెప్పులు విడిచినట్టు, చెయ్యి దానంతట అదే చేస్తుంది. పరీక్ష కోసమే బాత్రూముకి వెళ్లి నన్ను నేను గమనించుకున్నాను. సీసా చేతిలో ఉంది, ముందు పోసింది ఊరికే.

ఆ పిల్ల పేరు నూకరత్నం.

ఓడ దిగిన 21వ రోజు

రెండు రోజులుగా ఎవరికీ చెప్పలేదు. ఇది దాచడమే, ఇంకో పేరు పెట్టను.

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. సీసాలు సరిగ్గా పడితే పెట్టె గెలుస్తుంది. ఇంక్యుబేటరు ఆగిపోతుంది. పొద్దున్నే ల్యాబ్‌కి రాగానే పిన్ని గొంతు సవరించుకుని, చేతులు కడుక్కుని, గాజు తలుపు తీసి, "ఏటర్రా, ఆకలేత్తందా" అని కణాలని పలకరించే మాట పదహారేళ్లుగా వింటున్నాను. ఆ మాట ఆగిపోతుంది. ఇవాళ ఆవిడ ఓడకి ఇవ్వాల్సిన చీటీ అప్పుడే రాసేసుకుంది. ముత్యాల్లాంటి అక్షరాలతో, "కణాల మేత, ఆరు డబ్బాలు." నాకు చూపించి, "ఒక డబ్బా ఎక్కువే రాసినాను. నానెల్లిపోయినాక నీకు పనికొత్తాది" అంది.

నేను తలూపాను. పిన్ని కణాలు కూడా మంచివే కదా, ఇన్నేళ్లుగా వాటినే నమ్ముకున్నాం కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మరి వాటికి దొరకని వాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. తెలుసుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను.

ఓడ దిగిన 23వ రోజు

దమయంతి నెలవారీ తనిఖీకి వచ్చింది. కాళ్లకి నీరు పట్టింది. "అక్కా, తొట్టి కంటే నా కాళ్లలోనే నీళ్లు ఎక్కువున్నాయి" అని నవ్వింది. లోపల బిడ్డ తంతుంటే నా చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది. ఆ తన్ను నా అరచేతికి తగిలింది. నేనిక ఊరుకోలేకపోయాను.

"దమయంతీ, ఒక పని చెయ్యి. గంట ఆగి, మొదటిది మొత్తం ఈ గీత దాకా సీసాలో పొయ్యి. ఊరికి ఇవ్వకు."

దాని మొహం మాడిపోయింది. "అదేటక్కా, ఊరికివ్వకుండానా? నీళ్ల పనిలో ఉండి నానే అలగ సేత్తే?"

"పాపం నాది. నువ్వు పొయ్యి."

తొంభై నిమిషాల తర్వాత పెట్టె ఉందని చెప్పింది. నమ్మబుద్ధి కాలేదు. పెట్టెతో ఇంకో రకం గొట్టాలు వచ్చాయి, అవి జన్యువులో వేరే ముక్కని వెతుకుతాయి. దాంతో చూశాను. అదీ ఉందంది.

ఇంకో ఏడు వారాల్లో కాన్పు. పిన్ని దానికి నిబ్బరంగా కనమని చెప్పి వచ్చింది. నేను నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. ఆ నాలుగు రోజులకి నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోను.

ఓడ దిగిన 24వ రోజు

పొద్దున్నే డాక్టర్ గారికి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. దమయంతికి మాత్రలు ఇచ్చే ముందు పిన్ని కోసం కొత్తగా పుల్ల తీశారు. జోగులు ఒక మూల నిలబడి, "నాదేనేమోనండి. పెళ్లికి ముందుది. నాకెప్పుడూ మంటా గింటా లేదండి" అన్నాడు. డాక్టర్ గారు, "ఎవరిదో, ఎప్పటిదో ఎవరూ చెప్పలేరు. ఇద్దరూ మింగండి, వారం దూరంగా ఉండండి, పోట్లాడుకోకండి" అన్నారు. దమయంతి అతని చెయ్యి వదల్లేదు.

తర్వాత పిన్ని దగ్గరికి వెళ్లాను. పుస్తకం పేజీ తెరిచి ముందు పెట్టాను. పెట్టె చెప్పింది, నేను తిప్పేసిన పేజీ, దాచిన నాలుగు రోజులు, అన్నీ చెప్పేశాను.

మొదట పెట్టెని తిట్టింది. తర్వాత నన్ను తిట్టింది. పదహారేళ్లలో అలా ఎప్పుడూ తిట్టలేదు. ఆ తర్వాత పుస్తకం పేజీ మీద వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది.

"తొలి ధార," అంది. "నానే కదే నేర్పినాను."

"అప్పటి పరీక్షకి అదే సరైంది పిన్నీ. నువ్వు తప్పు చెయ్యలేదు."

"తప్పని నానన్నానేటి? నానే నేర్పినానంటన్నాను." పుస్తకం మూసి చెయ్యి చాచింది. "దమయంతి పుల్ల ఇటివ్వు. మూడు రోజులాగు. నా కణాలు సూడకపోతే అప్పుడు మాటాడదాం."

ఓడ దిగిన 27వ రోజు

పిన్ని మైక్రోస్కోపు మీద వంగి గంటన్నర కూర్చుంది. ఒక గాజుముక్క చూసింది, రెండోది చూసింది, మూడోది చూసింది. నేను పక్కనే నిలబడి, మచ్చ కనపడాలని దేవుళ్లందరికీ మొక్కాను. కనపడితే ఏం లాభమో నాకే తెలియదు.

"లేదు," అంది చివరికి. "ఉంది గానీ నా కణాలకి దొరకలేదు. పుల్లకి సరిగ్గా తగలనేదో, దారిలో సచ్చిపోయినాదో. నాను బతికున్నదాన్నే సూడగలను మాలచ్చీ. సచ్చిందాన్నీ, సగం సచ్చిందాన్నీ సూడనేను."

కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదలు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఇద్దరం ముక్కులు చీదుకున్నాక పిన్ని లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"పద. ఇంకా అరవై మంది ఉన్నారు. అడ్డదిడ్డంగా పోసి సత్తారు. నాను సెప్పకపోతే ఈళ్లు ఇనరు."

మొదటి అరవైలో ఇంకా మాత్రలు మింగనివాళ్లని కూడా మళ్లీ పిలిచాం. పిన్ని బాత్రూము తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి మనిషికీ చెబుతోంది. "ఈ ఒక్కసారికి ముందు సీసాకి. తరవాత ఊరికి. నానే సెప్తన్నాను, తప్పు లేదు." నేను చెబితే అనుమానంగా చూసినవాళ్లు, ఆవిడ చెబితే తలవంచుకుని లోపలికి పోతున్నారు. ఒక నడివయసాయన మాత్రం, "చిన్నప్పుడు నువ్వే చెవి మెలేసి నేర్పినావు కదే అత్తా" అన్నాడు. "ఇప్పుడు రెండో చెవి ఇటు తే" అంది పిన్ని.

ఓడ దిగిన 38వ రోజు

తేలింది. రెండో అరవైలో పిన్ని కణాలు ఏడుగురిని పట్టాయి. పెట్టె ఆ ఏడుగురినీ పట్టింది, ఇంకో ముగ్గురిని కూడా పట్టింది. మొదటి విడతలో రెండు పరీక్షలూ లేదన్న యాభై ఒక్క మందిలో, అప్పటికి మాత్రలు మింగనివాళ్లకి సీసా సరిగ్గా పట్టించి చూస్తే నలుగురు దొరికారు. దమయంతి అందులో ఒకరు. కణాలకి దొరకని ఈ ముగ్గురినీ, నలుగురినీ రెండో రకం గొట్టాలతో మళ్లీ చూశాను, అందరికీ ఉంది.

మొత్తం ఇరవై ముగ్గురిలో పిన్ని కణాలకి దొరికింది పదహారు. కణాలు ఉందంటే ఉన్నట్టే, అందులో ఒక్క అబద్ధం లేదు. లేదంటే మాత్రం నమ్మడానికి లేదు. మాకు కావాల్సింది ఆ లేదన్న మాటే. కాన్పుకి వెళ్లే తల్లికి చెప్పాల్సింది అదే కదా.

ఓడ దిగిన 40వ రోజు

నా నివేదికలో, నమూనా పేజీ చదవకపోవడం నా తప్పని, నాలుగు రోజులు చెప్పకుండా దాచానని రాశాను. చదివి వినిపిస్తుంటే పిన్ని కలం లాక్కుని కింద ఒక వాక్యం చేర్చింది: "తొలి ధార ఊరికి అన్న పద్ధతి పెట్టినది నూకరత్నం. ఈ పరీక్షకి ఆ పద్ధతిని ఎత్తివేయుచున్నది కూడా ఆమెయే." డాక్టర్ గారు అది చదివి, ఆ కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఓడకి ఇచ్చే చీటీ పిన్నే రాసింది. పాత చీటీ చింపి, అదే ముత్యాల అక్షరాలతో, "పెట్టెకి గొట్టాలు, పన్నెండు డబ్బాలు" అని రాసింది. ఓడ వెళ్లాక ఇంక్యుబేటరు మీట నేను నొక్కబోతే చెయ్యి తోసేసింది. ఆవిడే నొక్కింది. లోపలి దీపం ఆరింది. గాజు తలుపు మీద చెయ్యి పెట్టి, వేడి చల్లారేదాకా తియ్యలేదు.

 "పిన్నీ, నువ్వంటే నాకు ప్రాణం" అన్నాను. 

"తెలుసులే," అంది. "ఎల్లి బల్ల తుడు."

ఓడ దిగిన 52వ రోజు

మాత్రలు మింగాక నాలుగు వారాలు ఆగమంది పుస్తకం. ముందే చూస్తే చచ్చిన ముక్కల్ని చూసి కూడా పెట్టె ఉందనేస్తుందట. ఈసారి ఒక్క పేజీ కూడా తిప్పెయ్యలేదు. దమయంతికి ఇవాళ చూశాను. లేదంది. జోగులుకీ లేదు. దమయంతి కావిలించుకోబోతే పొట్ట అడ్డమొచ్చింది.

పిన్ని మాత్రం దమయంతికి ఎదురుపడటం లేదు. ఆ పిల్ల క్లినిక్‌కి వచ్చే వేళకి ఏదో పని పెట్టుకుని వెనక గదిలోకి పోతుంది. "ఏ మొగం ఎట్టుకుని సూడను? నిబ్బరంగా కనమన్నది నానే కదా" అంటుంది. పొద్దున్నే మామూలు వేళకి ల్యాబ్‌కి వస్తుంది, చేతులు కడుక్కుంటుంది, ఆపైన ఏం చెయ్యాలో తెలియక నిలబడుతుంది.

ఓడ దిగిన 75వ రోజు

ఆడపిల్ల. మూడు కిలోల నూట యాభై గ్రాములు. ఆ అరుపు విని, అది నీళ్ల విభాగం గొంతేనని అందరం ఒప్పుకున్నాం.

దమయంతి కబురు పెట్టింది, పిన్నిని రమ్మని. పిన్ని రానంది. దమయంతి మళ్లీ కబురు పెట్టింది. ఈసారి జోగులు వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. "పిన్నీ, పిల్ల కళ్లు ఎవురు సూడాలంటే మా ఆడది నీ పేరే సెప్తంది. జబ్బు అంటుకుంటే అయిదో రోజు నించి పద్నాలుగో రోజు దాకా కళ్లలో తెలుస్తాదట కదా. పెట్టెని నమ్ముతాదట, సూడ్డానికి మాత్రం నువ్వే కావాలట."

పిన్ని అతన్ని జబ్బ పట్టి లేపింది. తర్వాత చేతులు కడుక్కుంది. టార్చి తీసుకుని బయల్దేరింది.

ఓడ దిగిన 89వ రోజు

పద్నాలుగో రోజు. ఈ రెండు వారాలూ పిన్ని రోజూ వెళ్లింది. నేనూ వెనకాల వెళ్లాను. పిల్ల తల ఒళ్లో పెట్టుకుని, చిటికెనవేలితో కింద రెప్ప మెల్లగా లాగి, టార్చి వేసి చూసేది. ఎనిమిదో రోజున ఎడమ కంటి మూల చిన్న పుసి కనపడింది.  పిన్ని దూదితో తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "నిద్ర పుసి" అంది. మర్నాటికి లేదు. అయినా ఆ సాయంత్రం దాకా ఆవిడ అక్కడి నుంచి కదల్లేదు.

ఇవాళ కూడా అలాగే చూసింది. కుడి కన్ను, ఎడమ కన్ను, మళ్లీ కుడి కన్ను. పిల్ల టార్చి వెలుగుకి మొహం చిట్లించి, తర్వాత కళ్లు పూర్తిగా తెరిచి పిన్నినే చూసింది. తెల్లగుడ్లు తెల్లగా ఉన్నాయి. వాపు లేదు, ఎరుపు లేదు. ఊపిరి చెవి పెట్టి విన్నది. అదీ శుభ్రం.

"అయిపోయినాదమ్మీ," అంది పిన్ని టార్చి ఆర్పి. "గడువు దాటిపోయినాది. పిల్ల కళ్లు బంగారం. రేపటి నించి ఇంక నాను రానక్కర్లేదు."

పిల్లని తల్లికి అందించడానికి చేతులు చాచింది. దమయంతి అందుకోలేదు.

"రేపు కూడా రా పిన్నీ," అంది.

"రేపేటున్నాది సూడ్డానికి?"

"ఏటీ లేదు," అంది దమయంతి. "ఊరికే రా."

పిన్ని నా వైపు చూసింది, ఏమైనా చెబుతానేమోనని. నేను టార్చి సంచిలో సర్దాను. ఆవిడ పిల్లని మళ్లీ ఒళ్లోకి తీసుకుని, "పొద్దున్నే వత్తాను. చేతులు కడుక్కోడానికి గోరువెచ్చటి నీళ్లుంచు" అంది.